మేము అని రాసిన చోట

చోడిపిల్లి నూకాలు నలభై ఏళ్లుగా చేపలు అమ్ముతోంది. ఎదుటి మనిషి మొహం చూసి ఎంతవరకు దిగివస్తాడో, ఎక్కడ బిగుసుకుంటాడో చెప్పెయ్యగలదు. అందుకని ఆ రోజు ప్రయోగశాలలో తెర మీద ముప్పై ఒకటి అనే అంకె పడగానే, నెత్తిన కట్టిన పట్టీ ఇంకా విప్పకుండానే బేరం మొదలుపెట్టింది.

"ముప్పయ్యొకటేటమ్మా? ఎంత రావాల?"

"అరవై రావాలి పిన్నీ," అంది పైడిరత్నం. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"అరవయ్యే! మరీ అన్నేయంగా సెప్పకు. నలబై సేసుకో. మీ అమ్మ మొకం సూసైనా నలబై సేసుకో."

ఇంకెప్పుడైనా అయితే పైడిరత్నం పగలబడి నవ్వేది. ఆ అంకె అరవై దాటితేనే నూకాలు కిడ్నీ ఇవ్వడానికి అనుమతి వస్తుంది. ఆ కిడ్నీ అందవలసింది పైడిరత్నం తల్లి పోలమ్మకి. డయాలసిస్ గొట్టం పెట్టే నరాలు పోలమ్మకి రెండు చేతుల్లోనూ పాడైపోయాయి. ఇప్పుడు మెడ పక్కన పెట్టిన గొట్టంతో నెట్టుకొస్తోంది. అది కూడా రెండు నెలలకి మించి ఆగదని డాక్టర్లు తేల్చి చెప్పారు. పైడిరత్నం తన కిడ్నీ ఇద్దామంటే రక్తం గ్రూపు కలవలేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ అంకె వేసిన యంత్రానికి తెలుగు నేర్పింది పైడిరత్నమే.

దాని అసలు పేరు స్వేచ్ఛామాపకం. పేరు పెట్టినవాళ్లు తప్ప ఎవరూ దాన్ని ఆ పేరుతో పిలిచిన పాపాన పోలేదు. ప్రయోగశాలలో పట్టీ అంటారు. నూకాలు చూడగానే నెత్తికట్టు అంది. మనిషి మనిషితో మెలగడం వెనక ఐదు కోరికలు ఉంటాయని దాన్ని కనిపెట్టిన పరదేశపు పండితులు చెప్పారు. నలుగురిలో ఒకరిగా ఉండాలి, చుట్టూ ఏం జరుగుతోందో తెలియాలి, సంగతులు తన చేతిలో ఉండాలి, తన విలువ తగ్గకూడదు, ఎదుటివాళ్లని నమ్మగలగాలి. అవి అన్ని దేశాల్లోనూ ఉంటాయి, పాళ్లు మాత్రం దేశానికో రకంగా మారతాయి అన్నారు. ఇందులో ఎవరికీ పేచీ లేదు. పాళ్లు ఎవరు కొలుస్తారన్న దగ్గరే వచ్చింది చిక్కంతా.

పట్టీ కట్టుకున్న మనిషికి ముందుగా పన్నెండు వాక్యాలు వినిపిస్తారు. ఒక్కో వాక్యానికీ ఆ మనిషి మెదడు ఎలా కదులుతుందో పట్టీ గుర్తుపెట్టుకుంటుంది. ఆ తరవాత అసలు ప్రశ్న అడుగుతారు. నోటితో జవాబు చెప్పక్కర్లేదు. ఆ కోరిక సొంతంగా పుట్టిందా, ఎవరైనా పుట్టించారా అన్నది పట్టీయే నూటికి ఇంత అని చెబుతుంది. పేదవాళ్ల కిడ్నీలు కొనే ముఠాల ఆట కట్టించాలని నాలుగేళ్ల కిందట దాతలందరికీ దీన్ని తప్పనిసరి చేశారు. చేపలమ్మే ఇంట పుట్టి ఇంత పెద్ద యంత్రానికి మన భాష నేర్పిందని అప్పట్లో పత్రికలు పైడిరత్నం ఫొటో వేశాయి. పోలమ్మ ఆ కాగితాన్ని కత్తిరించి, ఏడుగురు ఆడవాళ్లు రోజూ కలిసి చేపల గంపలతో బజారుకెళ్లే ఆటోలో, డ్రైవరు సింహాద్రి సీటు పైన అంటించింది. ఎక్కిన ప్రతివాళ్లూ చూడాలి కదా మరి.

సొంత మనిషి కేసు కనుక పైడిరత్నం ఆ రోజు యంత్రం ముట్టుకోకూడదు. టెక్నీషియన్ కాగితం తీసి చేతికిచ్చాడు. 'దాత కోరిక సొంతం కాదు. పరాయి ఒత్తిడి ఉంది.' ఇరవై రోజుల తరవాత అనుమతుల కమిటీ ముందు మరొక్క అవకాశం ఇస్తారు. అదీ తప్పితే ఆ దాత పేరు కొట్టేస్తారు, ఇక జన్మలో ఇవ్వడానికి లేదు.

నూకాలు పట్టీ విప్పి బల్ల మీద పెట్టి, చెదిరిన జుట్టు ముడేసుకుంది. "నాకు ఇట్టం నేదని సెప్పిందేటే ఇది?"

"అలాగే అంటోంది పిన్నీ."

"దీనికి నోరుంటే రెండు తగిలించేదాన్ని," అంది నూకాలు.

*

సాయంత్రం భీమిలి రోడ్డులో ఇంటికి వెళ్లేసరికి పోలమ్మ మంచం మీద కూర్చుని వెల్లుల్లి వలుస్తోంది. పని లేకుండా కూర్చోమని డాక్టర్లు చెప్పిన రోజు నుంచి ఆమె రోజుకో శేరు వెల్లుల్లి వలుస్తోంది. వీధిలో సగం ఇళ్లకి ఆ వెల్లుల్లే వెళుతోంది. కూతురి మొహం చూడగానే సంగతి అర్థమైపోయింది.

"తప్పిందేటి నూకాలు?"

"తప్పింది. అమ్మా, నిజం చెప్పు. పిన్నిని ఎవరైనా బలవంతపెట్టారా?"

పోలమ్మ చేతిలో పాయ కింద పడేసి కూతుర్ని ఎగాదిగా చూసింది. "నూకాల్నా? దాన్నెవులు బలవంతం సేత్తారే? దాని మొగుడికే సేతకానేదు."

"మరి తనే ఇస్తానని ఎలా అంది? మొదట్నుంచీ చెప్పు."

పోలమ్మ చెప్పింది. ఆటోలో వెళ్లే మిగతా ఆరుగురూ ఒకే రోజు ఆసుపత్రికి వెళ్లి రక్తం ఇచ్చి వచ్చారట. ముగ్గురిది కలిసింది. ముగ్గురూ నేనిస్తానంటే నేనిస్తానని సింహాద్రి ఆటోలోనే జుట్లు పట్టుకోబోయారట. అప్పుడు చీట్లు వేసుకున్నారు. ముగ్గురిలో ఇద్దరికి చదువు రాదు, అందుకని పేర్లు రాయలేదు. ఎవరి బొట్టుబిళ్ల వాళ్లు నుదుటి నుంచి తీసి చీటీలో అంటించి మడిచారు. సింహాద్రి కళ్లు మూసుకుని ఒకటి తీశాడు. అందులో నూకాలు పెట్టుకునే పెద్ద ఎర్రబిళ్ల ఉంది.

"గెలిసినాను సూడని గెంతీసింది," అంది పోలమ్మ. "దాలమ్మ అయితే సీటీ తనకి రానేదని ఇప్పటికీ నూకాలుతో మాటాడ్డంనేదు. ఆటోలో అటేపు తిరిగి కూకుంతంది."

పైడిరత్నం తల పట్టుకుంది. "చీట్లు వేశామని కమిటీ ముందు మాత్రం అనకండి. మీకు దణ్ణం పెడతాను. చీటీ వేసి ఒక మనిషి దగ్గర కిడ్నీ తీసుకుంటారా ఎవరైనా?"

"తీసుకోడమేటే? ఇచ్చీడానికే కదా సీటీ యేసింది."

ఆ క్షణాన పైడిరత్నానికి కూడా అనుమానం వచ్చింది. ఐదుగురు ముందుకొస్తే ఆరో మనిషి వెనక్కి ఎలా తగ్గుతుంది? నలుగురూ ఏమనుకుంటారో అన్న భయం ఒత్తిడి కాదా? ఎనిమిదేళ్లు దగ్గరుండి పెంచిన యంత్రాన్ని కాదనడం కంటే, ఎత్తుకుని తిప్పిన నూకాలు పిన్నిని అనుమానించడమే ఆమెకి తేలికగా అనిపించింది. ఈ సంగతి తలుచుకుని తరవాత చాలాసార్లు సిగ్గుపడింది.

*

మూడో రోజు పొద్దున్నే సింహాద్రి ఆటో సరాసరి ప్రయోగశాల మెట్ల దగ్గరికి వచ్చి ఆగింది. అందులోంచి ఆరుగురు దిగారు. గేటు దగ్గర కాపలావాడు ఏదో అడగబోయాడు గాని, వాడి మాట ఎవరూ వినిపించుకోలేదు.

"మాకందరికీ కట్టు ఆ నెత్తికట్టు," అంది దాలమ్మ, నూకాలుకి దూరంగా నిలబడి. "దానికి ఇట్టం నేదంతంది గదా మిసను. నాకుందో నేదో సూడు. నాకుంటే నానే ఇత్తాను."

ఆశ కొద్దీ, కోపం కొద్దీ వచ్చిన మాట అది. పైడిరత్నం రూలు పక్కన పెట్టి తన చేత్తోనే ఒక్కొక్కరికీ పట్టీ కట్టింది. ఇవ్వగలిగిన ముగ్గురినీ, రక్తం కలవని ముగ్గురినీ అందరినీ ఒకే ప్రశ్న అడిగింది. ఇరవై తొమ్మిది వచ్చింది. ముప్పై మూడు. ఇరవై ఏడు. ముప్పై. నూకాలుకి మళ్లీ ముప్పై ఒకటే వచ్చింది. దాలమ్మకి ఇరవై ఎనిమిది. ఆరు కాగితాల మీదా ఒకటే మాట పడింది, పరాయి ఒత్తిడి ఉంది అని.

పైడిరత్నం ఆ ఆరు కాగితాలూ బల్ల మీద వరసగా పేర్చి చూస్తూ నిలబడిపోయింది. ఈ ఆరుగురి మీదా ఒత్తిడి ఉంటే, ఆ ఒత్తిడి పెట్టేవాళ్లెవరు? ఆటోలో ఏడో మనిషి పోలమ్మ. ఆమె మొదట్నుంచీ వద్దనే మొత్తుకుంటోంది. ఎనిమిదో మనిషి సింహాద్రి. అతను ఈ ఆరుగురికీ భయపడి హారన్ కూడా నెమ్మదిగా కొడతాడు.

"అమ్మీ," అంది దాలమ్మ చెవులు రుద్దుకుంటూ. "ఆ సెవుల్లో మాటాడేదెవులు?"

"ఎవరూ కాదు. వాక్యాలు. నేను రాస్తే ఒకావిడ చదివింది."

"మరి ఆవిడేటి మనల్ని కలపదు?"

"కలపకపోవడమేంటి?"

"మేమంతా కలిసి అనుకున్నాం, మేమంతా ఒకటి, మేమంతా ఒకరినొకరు నమ్ముతాం," దాలమ్మ ఆ గొంతుని అచ్చంగా అనుకరించి చదివింది. మిగతావాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. "మేమంతే మీరు కారనే కదే! ఈదిలో పెళ్లయి మనల్ని పిలవనేదనుకో, ఎలాగుంతది? అలాగుంది నాకు. ఎవులో నలుగురు కూకుని ముచ్చట్లాడుకుంతంటే గుమ్మంకాడ నిలబడి ఇన్నట్టుంది. మనం అనుండాలి గదా."

పైడిరత్నం వాక్యాల కాగితం ముందుకు లాక్కుంది.

పన్నెండు వాక్యాలూ ఆమె ఇంగ్లీషులోంచి తెచ్చుకున్నవే. అక్కడ మేము అన్నా మనం అన్నా ఉన్నది ఒకే ఒక్క మాట. దాన్ని తెలుగులో రాయవలసి వచ్చినప్పుడు ఆమె కలం క్షణం కూడా తడబడలేదు. మేము అని రాసింది. అర్జీల్లో మేము, నివేదికల్లో మేము, సభల్లో చదివే వ్యాసాల్లో మేము. చదువుకున్న కొద్దీ ఆమె నోట్లో మనం తగ్గి మేము పెరిగింది. వినే మనిషిని కలుపుకుంటే మనం, గుమ్మం బయట నిలబెడితే మేము. ఈ తేడా నాలుగేళ్ల పిల్లలకి కూడా తెలుసు. ముగ్గురు డాక్టరేట్లు కూర్చుని సరిచూసిన ఆ వాక్యాల్లో ఎవరి కంటా పడలేదు. తెలుగు తెలిసినవాళ్లకి తప్ప ఇంకెవరికీ చేతకాని తప్పు అది.

తప్పు ఎంత దూరం పాకిందో ఆమెకి వరసగా అర్థమవుతూ వచ్చింది. వెలివేసినట్టు అనిపించే ఆ ముడుచుకోవడాన్ని పట్టీ 'నలుగురిలో ఒకరు కావడం' అని గుర్తుపెట్టుకుంది. నిజంగా కలిసిపోయిన మనసు ఎదురైతే దానికి ఆనవాలు దొరకలేదు. 'నేను' కాదు కనుక పరాయి ఒత్తిడి ఖాతాలో వేసేసింది. ఇక డబ్బుకి కిడ్నీ అమ్ముకోవడానికి వచ్చినవాడి మనసు నిండా నేను, నాకు, నా అప్పు అనే ఉంటుంది. అలాంటివాడు డెబ్బైతో దర్జాగా గట్టెక్కి ఉంటాడు.

ఆమె ఆ రోజే పాత ఫైళ్లన్నీ తీసింది. నాలుగేళ్లలో నూట నలభై మంది దాతల్ని పట్టీ కొట్టేసింది. తోటికోడళ్లు, వదినలు, కలిసి పనిచేసే కూలీలు, బావమరుదులు. ఆ నూట నలభై మంది ఇవ్వాలనుకున్న రోగుల్లో యాభై ముగ్గురు ఇప్పుడు లేరు. ప్రతి కాగితం కిందా ఎం. పైడిరత్నం అని గుండ్రటి సంతకం ఉంది. ఆమె బాత్‌రూంలోకి వెళ్లి తలుపు వేసుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

*

ప్రయోగశాల అధిపతి శ్రీవల్లభరావు చెడ్డవాడు కాదు. పైడిరత్నం చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు. ఆరు కాగితాలూ తిరగేశాడు. "మేము, మనం," అని రెండుసార్లు తనలో తను అనుకుని కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"నువ్వు చెప్పింది నిజమే కావచ్చు. వాక్యాలు మళ్లీ రాద్దాం. మళ్లీ వెయ్యిమంది మీద పరీక్షిద్దాం. ఎనిమిది నెలలు పడుతుంది."

"అమ్మకి రెండు నెలలు కూడా లేదండీ."

"అదే నా బాధ. నువ్వు ఇప్పుడీ మాట బయట అన్నావంటే, తల్లి కోసం యంత్రం మీద నింద వేసిందంటారు. నీ మాట ఎవడూ నమ్మడు." ఆయన గొంతు తగ్గించాడు. "ఒక దారి ఉంది. ఆ నూకాలమ్మకి కాస్త తర్ఫీదు ఇవ్వు. ప్రశ్న అడిగేటప్పుడు నేను అనుకోమను. నేనిస్తున్నాను, నాకు పేరొస్తుంది, నాకు పుణ్యం. అంతే. అరవై అవలీలగా దాటుతుంది. నీ తల్లి బతుకుతుంది. మనం తీరిగ్గా వాక్యాలు సరిచేసుకుందాం."

"మరి ఆ నూట నలభై మంది?"

"వాళ్ల సంగతి ఇప్పుడు తవ్వి ఏం లాభం? పోయినవాళ్లు తిరిగొస్తారా? తెలుగు వాక్యాలకి పూచీపడ్డ ప్రమాణకర్తగా నీ సంతకం ఉన్నంతవరకే తెలుగులో పట్టీ చెప్పింది చెల్లుతుంది. నీ సంతకాన్ని నువ్వే కాదంటే ఆ పాపమంతా నీ నెత్తికే చుట్టుకుంటుంది. ఆలోచించుకో."

తల్లి ప్రాణం అటు తూగుతుంటే ఎవరైనా ఏం ఆలోచిస్తారు? పైడిరత్నం మర్నాడే నూకాలు ఇంటికి వెళ్లింది. నూకాలు వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. పైడిరత్నం పక్కన గొంతుక్కూర్చుని, తనూ నాలుగు తిరగేస్తూ, ఏం అనుకోవాలో విడమరిచి చెప్పింది.

"నాను ఇత్తన్నాను," అని నూకాలు ఒకసారి పైకి అని చూసింది. "నాకు పున్నెం. నాకు పేరు." నోట్లో ఏదో చేదు తగిలినట్టు మొహం పెట్టింది. "ఇది నావల్ల కాదే పైడీ."

"ఒక్క ఐదు నిమిషాలు పిన్నీ. అబద్ధమే అనుకో. అమ్మ కోసం."

"అబద్దమాడ్డానికి నాకేటి బయం? రోజూ సేపలమ్ముతాను గదా. నిన్నటి సేపని ఇయ్యాల్టిదని సెప్పనేటి?" నూకాలు ఎండుచేప పక్కన పడేసింది. "నానిత్తన్నానూ అనుకుని ఇత్తే అది దానమైపోద్ది. దానమిచ్చినోలు పైన, పుచ్చుకున్నోలు కింద. పోలి నాకు కిందెందుకుంతాదే? ఆటోలో ఆరుగురం దాని మొకం సూసినప్పుడల్లా ఇచ్చినాం ఇచ్చినాం అనుకోవాలేటి? అది మా మొకాలు సూసి తల దించుకోవాలేటి? మనలో ఒకద్దానికి పాడైంది, మనలో ఇంకోద్ది ఏసింది. అంతే. ఒక గంప బరువైతే ఇంకోలు అందుకోరా? ఆ అందుకున్నోలు పున్నెం కోసం అందుకున్నారా?"

"పిన్నీ, లేకపోతే అమ్మ చచ్చిపోతుంది!"

అరిచాక పైడిరత్నానికి తన గొంతు విని తనకే భయం వేసింది. నూకాలు కళ్లలో నీళ్లు తిరిగాయి, కానీ గడ్డం కిందికి దిగలేదు.

"సచ్చిపోనియ్యను," అంది. "కమిటీకాడికి వత్తాను. అడిగింది సెప్తాను. ఆ మిసను కోసం నా మనసు మార్సుకోమంతే మాత్రం మార్సుకోను. నువ్వు సదువుకున్నావు గదా. మార్సాలంతే దాన్ని మార్సు."

పైడిరత్నం ఆ ఇంట్లోంచి బయటికి వచ్చేసరికి ఒళ్లంతా ఎండుచేపల వాసన. చిన్నప్పుడు బడిలో ఆ వాసనకి పక్క పిల్లలు జరిగి కూర్చునేవారు. దాన్ని వదిలించుకోవడానికే కదా ఇంత చదివింది అనుకుంది. ఆ రోజు మాత్రం చీర మార్చుకోకుండానే ఆఫీసుకి వెళ్లింది.

*

కమిటీ గదిలో ముగ్గురు కూర్చున్నారు. వాళ్లకి పెద్ద రిటైరైన జడ్జి జగన్నాథరాజు. పక్కన శ్రీవల్లభరావు. ఎదురుగా బల్ల మీద పట్టీ. నూకాల్ని ఒక్కర్తినే లోపలికి రమ్మన్నారు గాని ఆరుగురూ వచ్చారు. కుర్చీలు చాలకపోతే గోడవారన చతికిలబడ్డారు. టెక్నీషియన్ పట్టీ చేతిలోకి తీసుకున్నాడు.

"ఆగండి," అంది పైడిరత్నం లేచి.

ఆమె రెండు కాగితాలు తెచ్చింది. మొదటిది చదివింది. తెలుగు ప్రమాణం తప్పని, ఆ తప్పు తన చేతి మీదుగా జరిగిందని, ఈ నిమిషం నుంచి ప్రమాణకర్తగా తన సంతకం వెనక్కి తీసుకుంటున్నానని. మేము, మనం అన్న తేడా జడ్జిగారికి రెండు వాక్యాల్లో చెప్పింది. ఆయన తెలుగువాడే కనుక మూడో వాక్యం అవసరం లేకపోయింది.

శ్రీవల్లభరావు మొహం మాడిపోయింది. "అయ్యా, ఈమె తల్లి కేసు ఇది. ఈమె మాట..."

"నా తల్లి కేసే," అంది పైడిరత్నం. "అందుకే కనిపెట్టగలిగాను. నా తల్లి కాకపోతే ఈ ఆరుగురూ నా గదిలోకి వచ్చేవారు కారు. నేను ఇంకో నాలుగేళ్లు కళ్లు మూసుకుని సంతకాలు పెడుతూనే ఉండేదాన్ని. అది నాకు గొప్పేమీ కాదండీ. కానీ నా తల్లి కేసు గనుక నోరు మూసుకోమంటే మూసుకోను."

తరవాత రెండో కాగితం తీసింది. అందులో యాభై మూడు పేర్లున్నాయి. చదవడం మొదలుపెట్టింది. ఐదారు పేర్లయ్యేసరికి జడ్జి చెయ్యెత్తి ఆపమన్నాడు. ఆమె ఆగలేదు. యాభై మూడూ చదివింది. ఒక్క పేరు కూడా మింగలేదు.

జడ్జి ఎత్తిన చెయ్యి దించాడు.

"అమ్మా," అన్నాడు జడ్జి, "మీరు చేసిందేంటో మీకు తెలుసా? రేపు కేసు పెడితే మొదటి ముద్దాయి మీరే అవుతారు."

"తెలుసండీ. పెట్టమనండి. నా మీద పెట్టినా సరే, ఆ యంత్రాన్ని మాత్రం ఈ గదిలో ఇక తెలుగు మాట్లాడనివ్వను."

జడ్జి చాలాసేపు కాగితాలు తిరగేశాడు. ప్రమాణకర్త సంతకం లేకపోతే పట్టీ మాట చెల్లదు. పట్టీ లేకపోతే పాత పద్ధతే గతి, అంటే మనిషిని మనిషి ఎదురుగా కూర్చోబెట్టుకుని అడగడం. శ్రీవల్లభరావు వాయిదా వెయ్యమన్నాడు. వాయిదాకి ఆగే ప్రాణం కాదది, నియమాల్లో దారి ఉంది కనుక ఆగక్కర్లేదు కూడా, అని జడ్జి పట్టీని బల్ల చివరికి నెట్టించాడు.

ఆయన నూకాల్ని గంటసేపు అడిగాడు. ఎవరైనా ఏమైనా ఇస్తామన్నారా, ఎవరైనా బెదిరించారా, ఆపరేషన్లో ఏం జరుగుతుందో తెలుసా అని. నూకాలు చీట్ల సంగతి కూడా దాచకుండా చెప్పేసింది. పైడిరత్నం కళ్లు మూసుకుంది.

"చీటీ రాకపోతే ఏం చేసేదానివి?" అన్నాడు జడ్జి.

నూకాలు తల పక్కకి తిప్పి దాలమ్మని చూసింది. "దీనిలాగే మూతి ముడుసుకుని అటేపు తిరిగి కూకుందును బావూ."

దాలమ్మ కిసుక్కున నవ్వింది. నెల రోజులుగా నూకాలుతో మాట్లాడని మనిషి, మోచేత్తో ఆమె డొక్కలో ఒక్కటి పొడిచింది. జడ్జి అది చూశాడు. ఇంకేమీ అడగకుండా సంతకం పెట్టాడు.

*

పదకొండో రోజున ఆపరేషన్ అయింది. పోలమ్మకి కొత్త కిడ్నీ పట్టింది. తెలివి రాగానే ఆమె మొదట అడిగిన మాట, నూకాలు ఏమైనా తిందా అని.

పైడిరత్నం ఉద్యోగం ఊడింది. కేసు కూడా పెట్టారు. కొట్టివేయబడిన దాతల కుటుంబాలతో ఆమె మాట్లాడకూడదని ప్రయోగశాల నుంచి నోటీసు వచ్చింది. ఆ నోటీసు వెనక ఖాళీగా ఉంది. దాని మీదే ఆమె నూట నలభై చిరునామాలూ రాసుకుని, మొదటి ఊరికి బస్సెక్కింది.

చోడవరం దాటాక ఎనిమిది కిలోమీటర్లు. రొంగలి చిలకమ్మ అని అడిగితే వీధి చివర రేకుల ఇల్లు చూపించారు. నలభై అయిదేళ్ల మనిషి, వాకిట్లో చింతపండు పిక్క తీస్తోంది. రెండేళ్ల కిందట తోటికోడలికి కిడ్నీ ఇస్తానని వచ్చింది. పట్టీ ఇరవై నాలుగు వేసింది. తోటికోడలు నాలుగు నెలలకి పోయింది.

పైడిరత్నం నిలబడే చెప్పింది. తన పేరు చెప్పింది. తప్పు ఎలా జరిగిందో చెప్పింది. "మీరు మనస్ఫూర్తిగానే ఇస్తానన్నారు. లేదని చెప్పింది యంత్రం. ఆ అబద్ధం కింద సంతకం పెట్టింది నేను. క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం లేదు."

చిలకమ్మ తల ఎత్తలేదు. చేతిలో పిక్క తీసే కత్తి ఆగిపోయింది.

"మనసులో ఇట్టం నేదు కాబట్టే మిసను కొట్టేసిందన్నారు. నానే సంపేసినానన్నారు. మా మరిది నా సేతి మంచినీల్లు ముట్టి రెండేల్లయింది." అంతవరకూ నిబ్బరంగా ఉన్న మనిషి, కొంగు నోట్లో కుక్కుకుని కుళ్లికుళ్లి ఏడ్చింది. పైడిరత్నం నిలబడే ఉంది. ఓదార్చడానికి తనకి హక్కు లేదనుకుంది.

ఏడుపు ఆగాక చిలకమ్మ మొహం తుడుచుకుని లేచింది. "ఇప్పుడు సెప్పిందంతా కాయితం మీద రాయి."

పైడిరత్నం రాసింది. కింద సంతకం పెట్టింది.

"సదువు. గట్టిగా సదువు. ఎదురిల్లు మా మరిదిదే. ఇంట్లోనే ఉన్నాడు."

పైడిరత్నం వీధి మధ్యకి వెళ్లి నిలబడి గట్టిగా చదివింది. అరుగుల మీద వాళ్లు లేచి నిలబడ్డారు. సగం చదివేసరికి ఎదురింటి తలుపు తెరుచుకుంది. గళ్లలుంగీ కట్టిన మనిషి ఒకడు గుమ్మంలో నిలబడి చివరిదాకా విన్నాడు. గుమ్మం దిగివచ్చి, చిలకమ్మ వాకిట్లో కుండ మీద మూత తీసి, చెంబుతో నీళ్లు ముంచుకుని గటగటా తాగాడు. వదిన వైపు చూడలేక చెంబు పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాడు.

చిలకమ్మ ఆ కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది. పైడిరత్నం చేతిలో ఉన్న నోటీసు వైపు, దాని మీద చీమల్లా పాకిన చిరునామాల వైపు చూసింది.

"ఇంకెన్నిల్లకి ఎల్లాల?"

"నూట ముప్పై తొమ్మిది."

"ఒక్కర్తివే?"

"ఒక్కర్తినే."

"ఉండు," అంది చిలకమ్మ. "సెప్పులేసుకొత్తాను."